డక్టులో గుడ్లగూబ కాపురం పెట్టింది, ఇల్లు ఖాళీ చెయ్యాలా?

ప్రశ్న: మాది ఏలూరు. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, సొంత ఫ్లాటే. మూడు వారాలుగా చీకటి పడగానే బాత్రూమ్ పక్క డక్టులోంచి బుస్సు బుస్సుమని ఒకటే చప్పుడు. పామేమో అని హడలిపోయాం. మొన్న మా ఆయన టార్చి వేసి చూస్తే పైపుల వెనక సిమెంటు దిమ్మె మీద తెల్ల ముఖాలతో నాలుగు గుడ్లగూబ పిల్లలు! మామగారికి పోయిన నెలలోనే గుండెకి స్టెంటు వేశారు. ఇది తెలిసిన దగ్గర్నుంచీ అత్తగారు "గూబ దూరిన ఇంట్లో ఆరు నెలలు ఉండకూడదు, ఖాళీ చేసేద్దాం" అని పట్టుబట్టారు. అది చాలదన్నట్టు, మామగారు పొద్దున్నే డాబా మీద నడుస్తుంటే కాకి రెండుసార్లు తల మీద తన్నింది. ఇక ఇంట్లో ఏడుపులే. ఐదొందలిస్తే పిల్లల్ని గోనెసంచిలో వేసుకెళ్ళి ఎక్కడో వదిలేస్తానని వాచ్‌మన్ అంటున్నాడు. గుడ్లగూబకి లక్షలిచ్చేవాళ్ళున్నారని కింద ఫ్లాటాయన అంటున్నాడు. మా ఏడేళ్ళ బాబేమో ఒకదాన్ని పెంచుకుందాం అంటాడు. మా ఆయన ఎటూ చెప్పరు. నేనేం చెయ్యాలి?
(పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు)

జవాబు: ఖాళీ చెయ్యక్కర్లేదండీ. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే ఈపాటికి ఎవరో అట్టపెట్టెలు తెచ్చి గిన్నెలు సర్దడం మొదలుపెట్టారేమో అని నాకే టెన్షన్ పట్టుకుంది. ఈ ఎండల్లో, స్టెంటు వేయించుకుని నెల తిరగని మనిషిని వెంటబెట్టుకుని, ఆరు నెలలకి మాత్రమే అద్దెకిచ్చే ఇల్లు ఎక్కడుందా అని వెతుక్కుంటూ, అక్కడ లిఫ్టు పనిచేస్తుందో లేదో, రాత్రిపూట ఆసుపత్రికి వెళ్ళాలంటే ఎంత దూరమో తెలియని చోటికి మారడం... అపశకునం అని దేన్నయినా అనాలంటే నేను దీన్నే అంటాను.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అవి తెల్ల గుడ్లగూబలు. ముఖం తమలపాకు ఆకారంలో తెల్లగా ఉంటుంది, కళ్ళు నల్లగా చిన్నగా, వీపు మీద బంగారు గోధుమ రంగు, కింద తెలుపు. కొన్ని ఊళ్ళలో పాపం దీన్నే చావుపిట్ట అంటారు. సినిమాల్లో శ్మశానం సీనుకి వేసే "గూ... గూ..." మాత్రం దీని గొంతు కాదు, ఇది కీచుమని గుడ్డ చించినట్టు అరుస్తుంది, అర్ధరాత్రి ఆ అరుపు మొదటిసారి విన్నవాడికి చెమటలు పట్టకపోతే వాడు మనిషి కాదు. నాకూ పట్టాయి. ఇక మీకు బుసలా వినిపిస్తున్నది పిల్లలు తిండి కోసం పెట్టే గోల. చీకటి పడగానే మొదలుపెట్టి, అమ్మానాన్నా ఎలుక పట్టుకొచ్చేదాకా గురకా బుసా కలిపినట్టు ఆగకుండా అదే పని. పాము అలా రాత్రంతా వరసపెట్టి బుస కొట్టదండీ, దాన్ని ఎవరన్నా కదిపితేనే కొడుతుంది. కాబట్టి పాము భయం ఈ క్షణమే వదిలెయ్యండి. టార్చి వెయ్యడం మాత్రం మీ ఆయన్ని మానెయ్యమనండి. పగలు, కిటికీ ఇవతల నుంచి, ఫ్లాష్ లేకుండా ఫోన్లో జూమ్ చేసి చూసుకోండి, చాలు.

ఎన్నాళ్ళుంటాయి అన్నది మీరు అడగలేదు గానీ అసలు అడగాల్సింది అదే. ఈ గుడ్లగూబ మామూలుగా నాలుగు నుంచి ఏడు గుడ్లు పెడుతుంది, అన్నీ ఒకేసారి కాదు, రెండేసి మూడేసి రోజుల తేడాతో. మొదటి గుడ్డు పెట్టిన రోజు నుంచే పొదగడం మొదలు. నెల రోజుల పైచిలుకు పొదిగాక పిల్లలు కూడా అదే వరసలో బయటికొస్తాయి, అందుకే ఒక గూట్లో పిల్లలు మెట్లవరసలా ఉంటాయి, పెద్దది తెల్లటి దూది ఉండలా, చిన్నది దాని కాళ్ళ కింద నలుగుతూ. మీవాటిలోనూ ఆ తేడా ఉందేమో చూడండి. పుట్టిన ఎనిమిది తొమ్మిది వారాలకి ఎగరడం వస్తుంది. మీకు చప్పుడు తెలిసి మూడు వారాలంటున్నారు, ముఖాలు తెల్లగా ఏర్పడ్డాయంటున్నారు, అంటే పెద్దపిల్లకి ఇప్పుడు నెల దాటి ఉండాలి. నా లెక్కన ఇంకో నెల, మహా అయితే నలభై రోజులు. పదకొండు నెలల అగ్రిమెంటు కూడా లేని కిరాయిదార్లు. పైగా అద్దె ఎలుకల రూపంలో కడుతున్నారు.

ఆ అద్దె సంగతి చెప్తాను. పెద్ద గుడ్లగూబ రాత్రికి రెండు మూడు ఎలుకలు తింటుంది, గూట్లో పిల్లలుంటే ఆ జంట ఒక్క రాత్రిలో మోసుకొచ్చే ఎలుకలు అంతకు ఎన్నో రెట్లు. చిమ్మచీకట్లో కూడా ఎలుక ఎక్కడ కదిలిందో చెవులతోనే పట్టేస్తుంది. దాని చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి ఉంటాయి, ఆ తేడాతోనే చప్పుడు ఎంత పైనుంచి, ఎంత కింద నుంచి వచ్చిందో దానికి తెలిసిపోతుంది. ఆ తమలపాకు ముఖం ఉందే, అది అందానికి కాదు, చప్పుడుని చేటలా పోగుచేసి చెవుల్లోకి తోసేది అదే. (మన భాషలో చెవి దగ్గర కొడితే గూబ గుయ్యిమందంటాం, చెవులే ప్రాణమైన పిట్టనీ గూబ అంటాం. ఈ రెండింటికీ చుట్టరికం ఉందో లేదో భాషాపండితులు తేల్చాలి, నాకు మాత్రం సరదాగా ఉంటుంది.) రెక్కల ఈకల అంచున దువ్వెన పళ్ళలాంటి కుచ్చు ఉండటంతో ఎగిరితే చప్పుడు రాదు, నెత్తి మీంచి వెళ్ళినా తెలియదు. కళ్ళు గుంటల్లో తిరగవు కాబట్టి మెడనే ముప్పావు చుట్టు తిప్పుతుంది, అది చూసే మనవాళ్ళు దయ్యం అన్నారేమో. మెడలో మనకి ఏడు ఎముకలుంటే దానికి పద్నాలుగు, అంతకుమించి మాయేమీ లేదు.

మీది ఏలూరు కాబట్టి ఇంకో మాట. మీ జిల్లాలో పామాయిల్ తోటలకి కొదవ లేదు కదా, మలేషియాలో అవే తోటల్లో చెక్కపెట్టెలు కట్టి మరీ ఈ గుడ్లగూబల్ని కాపురానికి రమ్మంటారు, ఎలుకలు గెలల్ని కొరికేస్తుంటే మందు ఖర్చు తగ్గుతుందని. లక్షద్వీప్‌లో కవరత్తి దీవికి కూడా కొబ్బరికాయల్ని పాడుచేసే ఎలుకల కోసం 2019లో కేరళ నుంచి వీటిని తెప్పించారు. మన వరి పొలాల్లో పక్షిస్థావరాలు, అంటే పిట్టలు వాలే కర్రలు, పాతమని వ్యవసాయాధికారులు చెప్పేదీ ఇలాంటి మేలు కోసమే, పగలు పురుగుల్ని ఏరుకుతినే పిట్టలు వాలతాయి, రాత్రి గుడ్లగూబ కూర్చుంటుంది. ఊరంతా పిలిచినా రాని పిట్ట మీ డక్టులోకి పిలవకుండా వచ్చింది.

ఇప్పుడు అత్తగారు. ఇదంతా చదివి వినిపించి ఆవిడ్ని ఒప్పించాలని చూడకండి. చెవులు, ఈకలు, మెడ ఎముకలు... ఒక్కటీ ఆవిడకి ఎక్కదు. ఎందుకంటే ఆవిడ భయం గుడ్లగూబ గురించి కాదు, ఆయన గురించి. నలభై ఏళ్ళో యాభై ఏళ్ళో కలిసి బతికిన మనిషిని పోయిన నెల స్ట్రెచర్ మీద తీసుకెళ్ళడం కళ్ళారా చూసింది. ఆ భయం చెప్పుకోడానికి ఆవిడకి మాటలు దొరకలేదు, గుడ్లగూబ దొరికింది. నేను గనక మీ చోట ఉంటే ముందు ఆవిడ్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి చెకప్‌కి వెళ్తాను, మామగారిని కాదు ఆవిడ్ని లోపల కూర్చోబెట్టి, ఆయన ఎలా ఉన్నారో, ఏ మాత్ర ఎందుకో, ఏం జరిగితే కంగారు పడాలో ఏం జరిగితే అక్కర్లేదో ఆవిడకే చెప్పమని అడుగుతాను. మన ఇళ్ళలో జరిగేదేమిటంటే, డాక్టరు కొడుక్కి చెప్తాడు, కొడుకు భార్యకి సగం చెప్తాడు, తల్లికి "ఏం లేదమ్మా, అంతా బానే ఉంది" అంటాడు. ఏం లేదన్న మాట ఎవరినైనా ఎక్కువ భయపెడుతుంది.

శాంతి చేయించాలంటే చేయించనివ్వండి. ఇల్లు మారే ఖర్చులో పదో వంతు కూడా అవ్వదు, నలుగురు చుట్టాలొస్తారు, ఇంట్లో మాటలు వినిపిస్తాయి, ఆవిడకి నిద్ర పడుతుంది. సత్యనారాయణ వ్రతం అయితే ఇంకా మంచిది, ప్రసాదం బాగుంటుంది. ఒక్కటే షరతు, హోమం పొగ డక్టు వైపు పోకుండా హాల్లో చేసుకోండి. శాంతి చేయించడానికి వచ్చిన పంతులుగారే ఖాళీ చెయ్యమంటారేమో అని మీకు అనుమానం ఉంటే ముందే ఫోన్ చేసి విషయం చెప్పండి, చాలామంది పంతుళ్ళు ఇలాంటివాటికి పెద్దమనసుతో దారి చూపిస్తారు.

ఆవిడతో అనాల్సి వస్తే ఈ రెండు మాటలు అనండి. ఒకటి, అది మన ఇంట్లో దూరలేదు, డక్టులో ఉంది, డక్టు అసోసియేషన్‌ది. దోషం అంటూ ఉంటే అన్ని ఫ్లాట్లకీ సమానంగా పంచాలి, మెయింటెనెన్స్ లాగా. రెండోది, బెంగాలీవాళ్ళు శరత్ పూర్ణిమ నాడు లక్ష్మీపూజ చేస్తారు, ఆ అమ్మవారి బొమ్మ పాదాల దగ్గర ఉండేది ఈ తెల్ల గుడ్లగూబే. వాళ్ళకది లక్ష్మీదేవి వాహనం, ఇంటికొస్తే సంబరం. అదే పిట్ట, అదే దేశం, రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి. కింద రెట్టల వాసన, చేపల వాసన మామూలుగా ఉండదు. అయినా ఊరివాళ్ళు అవి వస్తే పంటలు బాగుంటాయని చూసుకుంటారు, ఒక ఏడు ఆలస్యమైతే బెంగపెట్టుకుంటారు. అనంతపురం వైపు వీరాపురంలోనూ అంతే, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు దగ్గరా అంతే. కొంగ శుభం, గూబ అశుభం అని ఎవరు రాసిపెట్టారు? ఒకటి పగలు కనిపిస్తుంది, ఇంకోటి రాత్రి అరుస్తుంది, తేడా ఇంతేనని నా అభిప్రాయం.

గుడ్లగూబ అరిస్తే చావొస్తుందన్న మాట ఎలా పుట్టి ఉంటుందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. మా చిన్నప్పుడు ఊళ్ళో కరెంటు అంతంతమాత్రం, ఎనిమిదింటికల్లా దీపాలు ఆర్పేసి అందరూ పడుకునేవారు. రాత్రంతా దీపం వెలిగేది ఏ ఇంట్లో? మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో. దీపానికి పురుగులొస్తాయి. పురుగుల కోసం పైడికంటె వస్తుంది. పైడికంటె అంటే మీకు తెలిసే ఉంటుంది, పిడికిలంత గుడ్లగూబ, బూడిద రంగు మీద తెల్ల చుక్కలు, పచ్చటి కళ్ళు, సాయంత్రం పూట జంటగా కరెంటు తీగ మీద కూర్చుని మొగుడూ పెళ్ళాల్లా కిచకిచ పోట్లాడుకుంటుంటుంది, ఇప్పటికీ వీధిలైటు కింద పురుగుల కోసం కాచుకునేది అదే. ఆ ఇంటి చూరు మీద వాలి అరుస్తుంది. నాలుగు రోజులకి రోగి పోతాడు. వైద్యం అందక పోయాడని ఎవరూ అనరు, గూబ అరిచింది అంటారు. మా వీధిలోనే ఒక ముసలాయన పోయినప్పుడు మర్నాడు పొద్దున్నే పెద్దవాళ్ళంతా కర్రలు తీసుకుని చింతచెట్టు తొర్రలోంచి పైడికంటెల్ని లాగి చంపారు, నేను చూశాను, నాకు ఎనిమిదేళ్ళు. ఆ చెట్టు తర్వాత కొట్టేశారు కూడా. మనుషులు పోవడం మాత్రం ఆగలేదు.

వాచ్‌మన్ సంగతికి వస్తే, వద్దే వద్దు. గోనెసంచిలో వేసి ఎక్కడో వదిలేస్తే ఆ పిల్లలు రెండో రోజుకి చచ్చిపోతాయి, తిండి పెట్టే తల్లిదండ్రులు ఇక్కడ డక్టు దగ్గర అరుస్తూ తిరుగుతుంటాయి, అప్పుడు మీ అత్తగారికి నిజంగానే నిద్ర ఉండదు. పైగా ఇది చట్టం ప్రకారం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీ పట్టుకుని అడవికి వెళ్ళడం ఒక్కటే కాదు, గుడ్లు పగలగొట్టడం, గూడు చెదరగొట్టడం కూడా అందులోకే వస్తుంది, జైలు కూడా పడొచ్చు. ఐదొందలు ఇచ్చింది మీరు కాబట్టి వాచ్‌మన్‌తో పాటు మీ పేరూ ఉంటుంది.

లక్షలిస్తారన్న కింద ఫ్లాటాయన మాట అయితే నాకు ఒళ్ళు మండింది. ఆ లక్షల వెనక ఉన్నది చేతబడులు, బలులు చేసేవాళ్ళు. దీపావళి వచ్చిందంటే ఉత్తరాది ఊళ్ళలో గుడ్లగూబల్ని దొంగచాటుగా కొని, లక్ష్మి ఇంట్లోనే ఉండిపోవాలని ఆవిడ వాహనాన్నే బలిస్తారు, ఈ తర్కం ఏమిటో ఆ లక్ష్మీదేవికే తెలియాలి. అమ్మకం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం మూడూ నేరాలే. ఆయనతో వాదించకండి, ఫొటోలు మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఫొటో నాలుగు గ్రూపులు తిరిగితే నలభై మందికి అడ్రసు తెలుస్తుంది, అందులో ఒక్కడు చాలు. మీకు నిజంగానే ఎవరైనా ఎత్తుకుపోతారన్న అనుమానం వస్తే అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఒక ఫోన్ చేసి చెప్పి ఉంచండి.

మరి ఈ నెలా నలభై రోజులు ఎలా గడపాలి? డక్టు కింద, అంటే గ్రౌండ్ ఫ్లోర్ దగ్గర, పాత ఫ్లెక్సీ ఒకటి పరిపించండి, రెట్టలూ ఎలుక ముక్కలూ దాని మీద పడతాయి, వారానికోసారి మార్చొచ్చు. ఊడ్చేటప్పుడు మాస్కు పెట్టుకుని ముందు నీళ్ళు చల్లాలి, ఎండు రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఇది పావురాల రెట్టకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మామగారు అటు వైపు గదిలో పడుకుంటుంటే ఈ నెల ఇటు వైపు గదిలోకి మార్చండి, చప్పుడు తగ్గుతుంది, ఆయన నిద్ర ముఖ్యం. ప్లంబింగ్ పనో ఏసీ పనో ఉంటే వాయిదా వెయ్యండి, తప్పదనుకుంటే పగలే, చెయ్యి గూటి దగ్గరికి పోకుండా చేయించండి, పిల్లలే కదా అని చెయ్యి పెడితే గోళ్ళు దిగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం ఎలుకల మందు. అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా పెడుతుంటే వెంటనే ఆపించండి. షాపుల్లో దొరికే నీలం, ఆకుపచ్చ కేకుల్లో ఎక్కువగా ఉండేది బ్రోమాడయోలోన్ అనే మందు, అది తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, రక్తం గడ్డకట్టే గుణం పోయి మూడు నాలుగు రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలుక గుడ్లగూబకి చులాగ్గా దొరుకుతుంది, అది తెచ్చి పిల్లలకి పెడుతుంది, వాటి కడుపులోకీ అదే విషం. డబ్బులు పెట్టి ఎలుకల మందు కొని, ఎలుకల్ని ఉచితంగా పట్టేదాన్ని చంపుకోవడం అన్నమాట. బోను పెట్టుకోమనండి.

పిల్ల కింద పడితే? నేను ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. డిగ్రీ చదివే రోజుల్లో తాటిచెట్టు కింద ఒక గుడ్లగూబ పిల్ల దొరికితే ఇంటికి తెచ్చి, పాపం ఆకలేమోనని ఇంకు ఫిల్లర్‌తో పాలు పట్టాను. నోరు తెరిచింది, తాగుతోందనే అనుకున్నాను. పాలు ఊపిరిగొట్టంలోకి పోయాయి. తెల్లారేసరికి పోయింది. పక్షికి పాలు అరగవు, మాంసం తినే పిట్టకి అన్నం మెతుకులు పనికిరావు, పడుకోబెట్టి నోట్లో నీళ్ళు పొయ్యడం అంటే పీక పిసకడమే. కాబట్టి ఏమీ పెట్టొద్దు, ఏమీ పొయ్యొద్దు. మందపాటి తువ్వాలు కప్పి, కాళ్ళు గట్టిగా పట్టుకుని, గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి మూత వేసి చీకట్లో ఉంచండి. గాయం లేకపోతే సాయంత్రానికి ఆ దిమ్మె మీదకే ఎక్కించెయ్యడం మంచిది. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్నది ఉత్త మాట. గాయం ఉంటే అటవీశాఖకి గానీ దగ్గర్లో పక్షుల్ని చూసే పశువుల డాక్టరుకి గానీ అప్పగించండి.

ఎగరడం నేర్చుకునే రోజుల్లో ఏదైనా ఒకటి దారి తప్పి మీ గదిలోకే వచ్చిందనుకోండి, అరవకుండా చెయ్యాల్సిన మొదటి పని ఫ్యాను ఆపడం. ఇళ్ళలోకొచ్చిన పిట్టల్ని మనుషులకన్నా సీలింగు ఫ్యాన్లే ఎక్కువ చంపుతాయి. తర్వాత లైటు ఆపేసి, బయటి కిటికీ బార్లా తెరిచి, లోపలి తలుపు వేసి మీరు బయటికొచ్చెయ్యండి. పావుగంటలో దాని దారి అది చూసుకుంటుంది. చీపురు పట్టుకుని తరిమితే మాత్రం అద్దాన్ని గుద్దుకుని పడిపోతుంది. ఈ పద్ధతి పిచ్చుకకీ, తేనెపిట్టకీ, గబ్బిలానికీ కూడా సరిపోతుంది.

కాకి గొడవ చిన్నది. ఎండాకాలం కాకులు గూళ్ళు కట్టే కాలం, మీ డాబాకి దగ్గర్లో ఏ వేపచెట్టు మీదో, సెల్ టవర్ మీదో పిల్లలుండి ఉంటాయి. మామగారు రోజూ అదే టైముకి అదే చోట నడుస్తారు కాబట్టి ఈయనకి నా పిల్లలతో ఏదో పనుందని అది అనుకుంటోంది. మూడు నాలుగు వారాలు గొడుగేసుకుని నడవమనండి, లేదా కింద పార్కింగ్‌లో నడవమనండి, స్టెంటు వేయించుకున్న మనిషికి డాబా మెట్లెక్కడం ఎటూ తగ్గితే మంచిదే. రాయి మాత్రం విసరొద్దు. కాకి మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక రకం మాస్కు పెట్టుకుని కాకుల్ని పట్టి వదిలేస్తే, ఏళ్ళ తర్వాత కూడా ఆ మాస్కు ఎవరు పెట్టుకుని నడిచినా కాకులు గుంపుగా వచ్చి తిట్టిపోశాయి. అపశకునం అంటారా, తద్దినం రోజు పిండం పెట్టి "రా, రా, వచ్చి తిను" అని అరగంట బతిమాలేది ఈ కాకినే కదండీ, రాకపోతే పెద్దలకి కోపం వచ్చిందని బెంగపడతాం, అదే కాకి పిలవకుండా వచ్చి తల తాకితే శని అంటాం. ఏదో ఒకటి తేల్చుకోవాలి మనం.

ఇంకొకటి, పగలు ఈ కాకులకి గుడ్లగూబలు కనిపించాయా, పదీ ఇరవై చేరి పొడిచి చంపినంత పని చేస్తాయి. గుడ్లగూబ అంత లోపలికి, పైపుల వెనక్కి వెళ్ళి కూర్చున్నది అందుకే.

పిల్లలన్నీ ఎగరడం నేర్చాక కూడా కొన్ని వారాలు పగటిపూట వచ్చి పడుకుంటాయి, తొందరపడకండి. వరసగా వారం రోజులు చప్పుడు లేదని తేలాక డక్టు అంతా ఒకసారి చూసి, ఏ పిట్టా ఏ గుడ్డూ లేదని రూఢి చేసుకుని, శుభ్రం చేయించి, పైన ఇనప జాలీ కొట్టించండి. ప్లాస్టిక్ వల వద్దు, అందులో రెక్కలు చిక్కుకుని వేలాడే పావురాల్ని మనం రోజూ చూస్తూనే ఉన్నాం. జాలీ కొట్టకపోతే వచ్చే ఏడాది మళ్ళీ వస్తాయి, వీటికి చోటు నచ్చితే వదలవు. కొట్టాలా వద్దా అన్నది మీ ఇంట్లో వాళ్ళ ఇష్టం. నన్నడిగితే జాలీ కొట్టి, దానికి బదులు నీళ్ళట్యాంకు పక్కన ఎత్తు మీద, ఒకటిన్నర అడుగు వెడల్పున్న చెక్కపెట్టె ఒకటి జానెడు కంత పెట్టి కట్టమంటాను. అత్తగారికి చెప్పకుండా.

చివరికి మీ బాబు. పెంచుకోవడం కుదరదని గట్టిగానే చెప్పండి, అది నేరం కూడా అని చెప్పండి, ఏడేళ్ళవాడికి పోలీసు పేరు చెప్తే చాలు. కానీ వాడిని ఉత్త చేతులతో పంపకండి. నాలుగింటికీ పేర్లు పెట్టుకోమనండి, రోజూ సాయంత్రం ఎన్నింటికి గోల మొదలైందో ఒక నోట్‌బుక్కులో రాయమనండి. ఇంకా మజా ఏమిటంటే, గుడ్లగూబ ఎలుకని ముక్కలు చెయ్యకుండా మింగేసి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండగా చుట్టి నోట్లోంచి కక్కేస్తుంది. బొటనవేలంత నల్లటి ఉండలు ఆ ఫ్లెక్సీ మీద కనిపిస్తాయి చూడండి. చేతికి గ్లౌజులు తొడిగి, ఒక ఉండని పాత గిన్నెలో గోరువెచ్చని నీళ్ళలో గంటసేపు నానబెట్టి, అగ్గిపుల్లతో మెల్లగా విడదీయించండి. బుల్లి పుర్రెలు, పళ్ళు, పక్కటెముకలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. పుర్రెలు లెక్కపెడితే ఎన్ని ఎలుకలు తిన్నదో తెలిసిపోతుంది. వాడు ఆ లెక్క కాగితం మీద రాసి నానమ్మకి చూపిస్తాడు. భోజనానికి ముందు మాత్రం చూపించొద్దని చెప్పండి.